రాయి వయసు వేరు, కొండ వయసు వేరు

మా హాస్టల్ పాత అడ్మిషన్ రిజిస్టర్ తిరగేస్తే ఒక చిత్రం కనబడుతుంది. మాలో చాలామందిమి జూన్ 1న గానీ, జూలై 1న గానీ పుట్టినట్టు రాసి ఉంటుంది. ఆ తేదీలకూ మా పుట్టుకకూ ఏ సంబంధమూ లేదు. బడిలో చేర్చుకునే రోజున అయ్యవారు కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టు లెక్క. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు.

మా అమ్మల లెక్క వేరు. "ఇందిరమ్మ చనిపోయిన ఏడు, చలికాలంలో పుట్టినావు" అని ఒకమ్మ. "మీ అక్క నడక నేర్చినాక, కరువు రాకముందు" అని ఇంకొకమ్మ. ఇప్పటి తమ్ముళ్ల అమ్మలైతే "కర్నూలు మునిగిన ఏడు" అని 2009 వరదలను చెబుతారు. ఏది ముందు, ఏది వెనుక అనే వరుస ఆ తల్లులకు ఎన్నడూ తప్పదు. అంకె మాత్రం ఉండదు. సర్టిఫికెట్‌లో అంకె ఉంటుంది, అది నిజం కాదు. మాలో ఒకనికి కాగితం మీద రెండేళ్లు ఎక్కువ పడ్డాయి. ఆ రెండేళ్ల వల్లే ఒక ఉద్యోగానికి వయోపరిమితి దాటిపోయింది. వయసు లెక్క ఎంత పెద్ద సంగతో మాకు ఆనాడు తెలిసింది.

మా బ్యాచ్‌లోనే ఒకడు డిగ్రీలో జియాలజీ తీసుకున్నాడు. సెలవుల్లో కలిసినప్పుడల్లా మమ్మల్ని కొండలు గుట్టలు తిప్పేవాడు. భూమి వయసు కట్టే శాస్త్రం కూడా మన అమ్మల లెక్కతోనే మొదలైందని వాడు చెప్పినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. ముందు వరుస తెలిసింది, అంకె చాలా కాలానికి గానీ దొరకలేదు. ఆ కథ మా తర్వాత ఇదే హాస్టల్‌లో ఉంటున్న తమ్ముళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన డార్మిటరీ గోడను చూడండి. ఏటేటా వార్షికోత్సవానికి ముందు సున్నం కొడతారు. ఎక్కడైనా పెచ్చు ఊడితే ఒకదాని కింద ఒకటి తెల్ల పొర, నీలం పొర, పసుపు పొర కనబడతాయి. అడుగున ఉన్నది అన్నిటికన్నా ముందు వేసినది. ఆ పొరలన్నిటినీ చీల్చుకుని ఒక మేకు దిగి ఉంటే, ఆ మేకు పొరలన్నిటి తర్వాత కొట్టినదే. పై పొరలో ఇటుక ముక్క ఇరుక్కుని ఉంటే, ఆ ఇటుక ఆ పొర కన్నా ముందే ఉన్నట్టు. ఈ మూడు సంగతులు అర్థమైతే జియాలజీలో సగం పాఠం అయిపోయినట్టే. కింది పొర పాతది అన్న సూత్రాన్ని నికోలస్ స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1669లో రాశాడు. 1788లో జేమ్స్ హటన్ స్కాట్లండ్ సముద్రతీరంలో నిలువుగా లేచిన పొరల మీద అడ్డంగా పరుచుకున్న వేరే పొరలను చూశాడు. మొదటివి నీటి అడుగున పేరుకుని, గట్టిపడి, పైకి లేచి, అరిగిపోయిన తర్వాతే రెండోవి వచ్చి ఉండాలి. అందుకు ఎంత కాలం పట్టి ఉంటుందో ఊహకు కూడా అందదని ఆయనకు అర్థమైంది.

అంతటి దృశ్యం కోసం మనం స్కాట్లండ్ పోనక్కరలేదు. తిరుపతి నుంచి తిరుమలకు పోయే ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు. క్వార్ట్‌జైటు అంటే ఒకనాటి ఇసుకే, కాలక్రమంలో ఉక్కులాగ గట్టిపడింది. కింది గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. పై రాయి దానికన్నా కోట్ల ఏళ్లు చిన్నది. ఈ రెంటి మధ్య గీతను ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. మధ్యలో పోయిన కాలం సుమారు 80 కోట్ల ఏళ్లని పుస్తకాల్లో రాశారు. రాతి మీద అరచెయ్యి ఆనిస్తే బొటనవేలు ఒక యుగంలో, చిటికెనవేలు ఇంకొక యుగంలో ఉంటాయన్నమాట. గోవిందా అంటూ ఆ దారిన పోయే లక్షల మందిలో ఆ గీతను చూసేవారు ఎందరో!

ఆ పై రాళ్లు కడప పరీవాహానికి చెందినవి. మన రాయలసీమ తూర్పు భాగం అంతా దాదాపు అదే. నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. విలియం కింగ్ అనే సర్వే అధికారి ఈ కొండలన్నీ తిరిగి, కడప, కర్నూలు రాళ్ల గురించి 1872లో ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు.

ఇది ఎలా ఏర్పడింది? భూమి పైపొర ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉండి మెల్లగా కదులుతూ ఉంటుంది. ఎక్కడైనా ఆ పొర సాగి పలచబడితే అది కుంగుతుంది. కింది నుంచి వేడి రాతిద్రవం ఎగదన్నుతుంది. కుంగిన చోటికి నీళ్లు చేరతాయి, ఏర్లు ఇసుక, బురద తెచ్చి పోస్తాయి. ఆ బరువుకు అది ఇంకా కుంగుతుంది. కడప ప్రాంతంలో ఇలా పేరుకున్న పొరలన్నీ కలిపితే కొన్ని చోట్ల 10 కిలోమీటర్ల మందం దాటుతుంది. గండికోట దగ్గర బండల మీద అలల గీతలు చూశాం. చెరువు ఒడ్డున ఇసుకలో నీళ్లు వేసే గీతల్లాంటివే, కాకపోతే రాయి అయిపోయాయి. ఏటా వానకు ఎదురుచూసే మన సీమలో ఒకప్పుడు అలలు ఆడాయంటే నమ్మబుద్ధి కాదు. ఆ రాయి చూశాక నమ్మక తప్పలేదు.

తర్వాత తూర్పు నుంచి ఒత్తిడి వచ్చింది. నేల మీద పరిచిన బొంతను ఒక పక్క నుంచి తోస్తే ఆ పక్కనే ఎక్కువ ముడతలు పడతాయి కదా! ఆ ముడతలే నల్లమల. పడమటి అంచున, తాడిపత్రి, గండికోట వైపు, పొరలు ఇంకా పుస్తకం పేజీల్లాగ సాఫీగా ఉన్నాయి. తూర్పుకు పోయేకొద్దీ వంగి, మెలిదిరిగి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే రైలు నల్లమల గుండానే పోతుంది. ఈసారి ఎక్కినప్పుడు సెల్‌ఫోన్ జేబులో పెట్టి, కొండను కోసిన చోట పొరల వాలు ఎటు ఉందో చూడండి.

మాలో కొందరి ఇళ్లు నాపరాళ్ల గనుల ఊళ్లలో ఉన్నాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, యర్రగుంట్ల వైపు మా నాయనలు సుత్తి, ఉలి, గునపాలతో బతికినవాళ్లు. రాతికి చెవి ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, శబ్దాన్ని బట్టి పొర ఎక్కడ విడుతుందో చెప్పేవారు. వాళ్లు విడదీసిన ఒక్కొక్క పలకా ఒకనాటి లోతు తక్కువ సముద్రం అడుగున సున్నపు బురద పేరుకుని గట్టిపడినదే. ఆ సంగతి మా నాయనలకు ఎవరూ చెప్పలేదు. కానీ పొర చదవడం వాళ్లకు వచ్చు. పుస్తకంలో 'స్తరం' అనే మాట చదివినప్పుడు మాకు కొత్త అనిపించలేదు. ఇంట్లో అన్నం పెట్టిన మాటే అది.

వరుస దొరికింది సరే, అంకె ఎట్లా? చాలా దేశాల్లో పొరల వయసు పోల్చడానికి వాటిలో దొరికే శిలాజాలు చూస్తారు. మన కడప రాళ్లు జంతువులు పుట్టక ముందువి. వేంపల్లె వైపు సున్నపురాళ్లలో కోసిన క్యాబేజీలాగ వలయాలు కనిపిస్తాయి. అవి కంటికి ఆనని సూక్ష్మజీవులు కట్టుకున్న గూళ్లు. వాటితో కచ్చితమైన అంకె తేలదు. బొగ్గు ముక్కలకు, ఎముకలకు వాడే కార్బన్-14 పద్ధతీ పనికిరాదు. దాని అర్ధజీవిత కాలం 5,730 ఏళ్లే. సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు.

రాతిలోనే ఒక గడియారం ఉంది. జిర్కాన్ అనే స్ఫటికం ఇసుకరేణువంత ఉంటుంది. కరిగిన రాయి చల్లారేటప్పుడు అది పుడుతుంది. పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ తర్వాత లోపలి యురేనియం కొద్దికొద్దిగా సీసంగా మారుతూ ఉంటుంది. యురేనియం-238లో సగం మారడానికి 446.8 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం-235లో సగం మారడానికి 70.4 కోట్ల ఏళ్లు చాలు. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం చేరింది అని కొలిస్తే వయసు వస్తుంది. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు! ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెబితే నమ్ముతారు, వేర్వేరుగా చెబితే మధ్యలో ఆ రాతికి ఏదో జరిగిందని వెతుకుతారు. ఈ దారిలో మొదటి అడుగులు వేసినవారిలో ఆర్థర్ హోమ్స్ ఒకడు. 1911లో, చదువు ముగిసిన కొత్తలోనే రాళ్ల వయసులు లెక్కగట్టాడు. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి, భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఆ అంకె ఈనాటికీ పెద్దగా మారలేదు.

ఇసుకరాయికి ఈ గడియారం నేరుగా పనికిరాదు. ఇసుకలోని జిర్కాన్ ఎక్కడో వేరే కొండలో పుట్టి, ఏటిలో కొట్టుకుని వచ్చినది. అది తన వయసు చెబుతుంది గానీ, ఇసుక పేరుకున్న రోజు చెప్పదు. అప్పుడు మన గోడలోని మేకు గుర్తు తెచ్చుకోవాలి. పులివెందుల వైపు కడప పొరల మధ్యకు కరిగిన రాయి దూరి, నల్లరాయిగా గట్టిపడి ఉంది. అందులోని బాడెలైట్ అనే స్ఫటికాన్ని కొలిస్తే సుమారు 188.5 కోట్ల ఏళ్లని 2008లో ప్రకటించారు. మేకు వయసు తెలిసింది కనుక అది చీల్చిన పొరలు అంతకన్నా పాతవని తేలింది. అంతకు ముందు ఈ పరీవాహం అంత పాతది కాదని చాలామంది అనుకునేవారు. ఒక్క రాయి ముక్క ఆ లెక్కను వెనక్కి జరిపింది. పరీవాహం పడమటి అంచున గ్రానైటుకూ మొదటి పొరకూ మధ్య విరామం తిరుమల దగ్గర చెప్పినంత పెద్దది కాకపోవచ్చని కూడా దీనివల్ల తెలుస్తోంది. ఒక్కొక్క చోట ఒక్కొక్క లెక్క.

గోడలోని ఇటుక ముక్క సూత్రం వజ్రాల దగ్గర పనికి వస్తుంది. వజ్రకరూరు దగ్గర భూమి లోతుల్లోంచి, 150 కిలోమీటర్లకు మించిన కింది నుంచి, వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలు సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. బనగానపల్లె గులకరాళ్ల పొరలో కూడా వజ్రాలు దొరికాయి. ఆ పొరలో వజ్రం ఇరుక్కుని ఉందంటే, వజ్రాన్ని పైకి తెచ్చిన రాయి ఆ పొర కన్నా ముందే పుట్టి, అరిగి ఉండాలి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో కూలినాలి మానుకుని వజ్రాల కోసం వెతికేవారిలో మన చుట్టాలూ ఉంటారు. వాన ఒక పొర మట్టిని కడిగితే బయటపడేది వంద కోట్ల ఏళ్ల కిందట లోతు నుంచి వచ్చిన వస్తువు.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. రాయి వయసు తెలిస్తే కొండ వయసు తెలిసినట్టు కాదు. గండికోట గోడల్లోని క్వార్ట్‌జైటు వందకోట్ల ఏళ్లు దాటిన రాయి. దాన్ని సుమారు 300 అడుగుల లోతుకు కోసిన లోయ మాత్రం ఎంతో చిన్నది. పెన్న ఆ రాయి పుట్టినప్పుడు లేదు. నేల మెల్లగా లేస్తుంటే నది అదే చోట కోసుకుంటూ దిగింది. పక్కకు తప్పుకోలేదు. తిరుమల శిలాతోరణమూ అంతే. రాయి అతి పురాతనం, గాలీ వానా నీరూ తొలిచిన ఆ కమాను ఆకారం ఈ మధ్యది. వంద ఏళ్ల టేకుతో నిన్న చేయించిన తలుపును వందేళ్ల తలుపు అనం కదా!

అయితే ఆకారం వయసు ఎట్లా తెలుస్తుంది? దానికీ ఒక గడియారం ఉంది. ఆకాశం నుంచి విశ్వకిరణాలు ఎప్పుడూ పడుతూ ఉంటాయి. బండ బయటపడి ఉన్నంతకాలం అందులోని క్వార్ట్‌జ్‌లో బెరీలియం-10 అనే పదార్థం అతి కొద్దిగా తయారవుతుంది. మట్టి కింద లోతుగా ఉన్న రాతిలో దాదాపు తయారు కాదు. దాన్ని కొలిస్తే ఆ బండ ఎంతకాలంగా ఎండలో ఉందో, కొండ ఎంత వేగంగా అరుగుతోందో చెప్పవచ్చు. పొలంలో పనిచేసినవాని వీపు చూసి ఎన్నాళ్ల ఎండ తగిలిందో అమ్మ చెప్పినట్టే ఇది.

ఇంకొక గడియారం ఇసుకలో ఉంది. ఇసుకరేణువు వెలుతురు చూసినప్పుడు దాని గడియారం సున్నాకు వస్తుంది. మట్టిలో పూడిన రోజు నుంచి మళ్లీ తిరుగుతుంది. దీన్ని మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో వాడారు. బనగానపల్లె దగ్గరి ఆ ఊళ్లో తెల్లటి బూడిద పొర ఉంది. ఊరివాళ్లు తవ్వి అమ్ముకునేవారు. అది మన కొండల బూడిద కాదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేసియాలోని సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రం దాటి వచ్చి పడినది. ఆ బూడిదకు కిందా, పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు మళ్లీ రాయి చెక్కారన్నమాట. సుత్తి పట్టిన మా నాయనల కన్నా ముందు ఆ నేల మీద రాతిపని చేసినవాళ్లు ఎన్ని వేల ఏళ్ల నుంచి ఉన్నారో!

సుమత్రాలో అగ్నిపర్వతాలు ఎందుకు ఉన్నాయి? అక్కడ హిందూ మహాసముద్రం అడుగున ఉన్న పలక పక్క పలక కిందికి దిగుతోంది. ఆ సరిహద్దే 2004 డిసెంబరు 26న జారి సునామీ తెచ్చింది. మన కోస్తాలోనూ ప్రాణాలు పోయాయి. అటు ఉత్తరాన మన దేశాన్ని మోసే పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున కదులుతూ ఆసియాను నెడుతోంది. దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైన ఆ నెట్టుడుకే హిమాలయాలు లేచాయి. మన దక్షిణాది పాత నేల గట్టిదే, కానీ ఆ ఒత్తిడి ఇక్కడికీ చేరుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో దాదాపు 10 వేల మంది నిద్రలోనే పోయారు. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలే వాళ్ల మీద పడ్డాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం తెలంగాణ అంతటా తెలిసింది. కొండ కదలదు అని మనం అనుకుంటాం. మన ఆయుష్షు చిన్నది కనుక అలా అనిపిస్తుంది.

తమ్ముళ్లారా, జియాలజీ పెద్దింటివాళ్ల చదువని అనుకోవద్దు. దానికి మొదట కావలసింది నడిచే కాళ్లు, చూసే కళ్లు, సుత్తి పట్టే చెయ్యి. ఈ మూడూ మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నాయి. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఈ సబ్జెక్టు ఉంది. హైదరాబాదులో 1961 నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. 1851లో మొదలైన జియలాజికల్ సర్వేలో ఉద్యోగానికి యూపీఎస్సీ వారు జియో సైంటిస్ట్ పరీక్ష పెడతారు. ఇంటర్‌లో సైన్సు తీసుకున్నవారు ఈ దారి గురించి కూడా ఆలోచించండి. సీటు, ఫీజు, పుస్తకాల సంగతి తెలియకపోతే మా పూర్వ విద్యార్థులను అడగండి, మేమున్నాం.

పరీక్షలు అయ్యాక ఊరికి పోతారు కదా! ఊరి పక్క గుట్ట దగ్గర ఒక గంట కూర్చోండి. ఏ పొర కింద ఉంది, ఏది పైన ఉంది, ఏది దేన్ని చీల్చింది అని ఒక తెల్లకాగితం మీద గీయండి. పక్కనే రాళ్లు కొట్టే పెద్దాయన ఉంటే ఆ పొరను వాళ్లు ఏమని పిలుస్తారో అడిగి, ఆ మాట కూడా రాసుకోండి. ఆ కాగితం దాచి పెట్టి, వచ్చే ఏడాది సంచికకు పంపండి.